మోటారు సైకిలు నేర్చుకొనువారికి

పదవ తరగతి పరీక్షలు ముగిసిన మఱునాడు మన సూరారమున పెక్కు ఇండ్ల ముంగిట ఒక్కటే మాట వినవచ్చుచుండును: “నాయినా, బండి తాళం ఇయ్యి.” తండ్రి జీడిమెట్ల కార్ఖానాలో రాత్రి డ్యూటీ చేసివచ్చి నిద్రించుచుండును. తాళము గోడమేకునకు వ్రేలాడుచుండును. తల్లి “జర పైలం బిడ్డా” అనును. బండి వీథి మలుపు దాటును. మరల ఆ చప్పుడు వినవచ్చు వఱకు ఆ తల్లి చెవి వీథివైపే యుండును.

బండిమీది కోరిక తప్పని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయబడలేదు. బాలానగరమునకు, కొంపల్లికి, మేడ్చలునకు ప్రతిదినము పనికి బోవు కుటుంబములకు మోటారు సైకిలు విలాసవస్తువు గాదు. అది కాలిచెప్పు వంటిది. ఒకనాటికి మీలో పెక్కుమంది, బాలురును బాలికలును, దానిని నేర్వవలసినవారే. కాని ఈత నేర్చుకొనువాడు మొదటిదినముననే నడిచెఱువున దుముకడు గదా. మన పిల్లలు మాత్రము బండిని లారీలు తిరుగు దారిమీదనే నేర్చుకొనుచున్నారు. నేనును అట్లే నేర్చుకొంటిని. దాని మూల్యమును నేను గాక మఱియొకడు చెల్లించెను. ఆ సంగతి తగినచోట చెప్పెదను.

1. యంత్రము పుట్టుక

1885లో జర్మనీ దేశమున గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ అను ఇద్దఱు యంత్రజ్ఞులు కఱ్ఱచట్రమునకు చిన్న పెట్రోలు ఇంజనును బిగించి తొలి మోటారు సైకిలును నిర్మించిరి. అది పడిపోకుండుటకై ప్రక్కల రెండు చిన్న చక్రములను గూడ అమర్చిరి. నిర్మించినవారికే నిలకడ విషయమున అంత జాగ్రత్త యుండెనన్న సంగతి నేర్చుకొనువారు మఱవరాదు. నేటి బండ్లకు ఆ ప్రక్కచక్రములు లేవు. వాని పనిని మన చూపు, చేతులు, పాదములు, అన్నిటికంటె ముఖ్యముగా మన ఓర్పు చేయవలసి యున్నది.

2. వయస్సు, అనుమతి

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు బహిరంగస్థలమున మోటారు వాహనమును నడుపరాదు. ఇంజను పరిమాణము 50 సి.సి.కి మించని బండికి మాత్రము 16 ఏండ్లు చాలును. కాని మన యిండ్లలోని బండ్లు సాధారణముగా 100 సి.సి.యు, అంతకు మించినవియు. కావున ఆ సడలింపు వానికి వర్తింపదు. 2019లో చేయబడిన సవరణ ప్రకారము బాలుడు బండి నడిపి నేరము చేసినచో, ఆ నేరము తమకు తెలియకయే జరిగెనని గాని, దానిని ఆపుటకు తగిన ప్రయత్నము చేసితిమని గాని రుజువు చేసికొననంతవఱకు, సంరక్షకుడును బండి యజమానియు దోషులుగా నెంచబడుదురు. వారికి 3 ఏండ్ల వఱకు జైలుశిక్షయు 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. గోడమేకునకున్న తాళమును తీయునపుడు మీరు తీయుచున్నది తండ్రి నెత్తిమీది గొడుగును గూడ నని తెలిసికొనుడు.

వయస్సు నిండినవారు మొదట లెర్నరు లైసెన్సు పొందవలెను. అది 6 నెలలు చెల్లును. 30 దినములు గడచిన పిమ్మట పక్కా లైసెన్సు పరీక్షకు పోవచ్చును. ఈ నడుమ బండికి ముందును వెనుకను 18 సెంటీమీటర్ల చదరపు తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము ఉండవలెను. లైసెన్సు గలిగి నేర్పుచున్న వానిని దప్ప వేఱెవ్వరిని వెనుక నెక్కించుకొనరాదు. ఈ చివరి నియమమును నేను చదివియుంటిని, పాటింపనైతిని.

3. తలకు రక్ష

1935 మే నెలలో ఇంగ్లండున టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధుడు మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్లపై నున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు దెబ్బ తగిలి ఆఱు దినములు స్మృతి లేక యుండి మరణించెను. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆయన ఆ సంగతిని అంతటితో విడువక, సైన్యమున బండ్లపై వార్తలు మోయు యువకుల తలగాయములను పరిశీలించి 1941లో తన ఫలితములను ప్రకటించెను. హెల్మెటు ధరించినవారి గాయములు తేలికగా నుండెనని ఆయన చూపెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు భటులకు హెల్మెటును తప్పనిసరి చేసెను.

తరువాత అనేక దేశముల పరిశోధనలను ఒకచో జేర్చి చూడగా, హెల్మెటు వలన తలగాయపు ప్రమాదము సుమారు 69 శాతమును, మరణపు ప్రమాదము సుమారు 42 శాతమును తగ్గునని తేలినది. మన దేశమున 2022 సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా రెండుచక్రముల బండ్లవారే. హెల్మెటు లేక మరణించినవారు 50,029 మందియని ప్రభుత్వపు లెక్క.

హెల్మెటు లోపల నురుగుదిమ్మ యుండును. దెబ్బ తగిలినపుడు అది తాను నలిగి, ఆ బలమును తలకు ఒక్కమాఱుగా చేరనీయదు. కావున ఒకమాఱు గట్టిదెబ్బ తిన్న హెల్మెటు పైకి బాగుగ గన్పట్టినను పనికిరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తును, ఐ.ఎస్. 4151 అను అంకెను చూచి కొనవలెను. గడ్డము క్రింది పట్టీ వ్రేలు మాత్రము దూరునంత బిగువుగా నుండవలెను. పట్టీ పెట్టని హెల్మెటు పడునపుడు తలకంటె ముందే ఎగిరిపోవును. నాలుగేండ్లు దాటినవారందఱును దీనిని ధరింపవలెనని చట్టము. వెనుక కూర్చున్న అమ్మకును చెల్లెలికిని అది వర్తించును. చెప్పులు విడిచి బూట్లు తొడుగుడు. చున్నీని, చీరకొంగును చైనునకు చక్రమునకు అందకుండ చుట్టుకొనుడు. కొంగు చక్రమున చిక్కి పడినవారు మన ఊళ్లలో నెందఱో కలరు.

4. బండిని ఎఱుగుట

మొదటిదినమున ఇంజనును ముట్టవలదు. బండిని స్టాండుపై నుంచి దాని అవయవములను చేతితో తడిమి తెలిసికొనుడు. కుడిచేతి పిడిని త్రిప్పినచో వేగము హెచ్చును. మన ప్రాంతమున దానిని ‘రేజు’ అందురు. కుడిచేతి మీట ముందుబ్రేకు. కుడిపాదము క్రిందిది వెనుకబ్రేకు. ఎడమచేతి మీట క్లచ్చి. ఎడమపాదము చెంత గేరు. గేర్లు వేయు పద్ధతి అన్ని బండ్లకు ఒక్కటి గాదు. కొన్నింట అన్ని గేర్లను ముందునకు త్రొక్కవలెను. మఱి కొన్నింట మొదటిది క్రిందికి, తక్కినవి పైకి. మిత్రుని బండి నెక్కినవాడు ఈ తేడా నెఱుగక పైగేరు వేయబోయి క్రిందిగేరు వేసి కుదుపు తినుట కలదు.

తరువాత ఇంజను ఆర్పియే బండిని ప్రక్కన నిలిచి నడిపింపుడు, ఇరుప్రక్కలకు త్రిప్పుడు. మీకంటె బరువైన వస్తువును పడనీయక పట్టుకొనుట ఎట్టిదో దీనివలన తెలియును. బయలుదేఱుటకు ముందు ప్రతిదినము టైర్ల గాలిని, బ్రేకులను, చైనును, దీపములను, సైడు స్టాండును చూచుకొనుట అలవాటు కావలెను. దింపిన సైడు స్టాండుతో బయలుదేఱి మొదటి ఎడమమలుపుననే పడినవారున్నారు.

5. క్లచ్చి పాఠము

ఇంజనునకును వెనుకచక్రమునకును నడుమ క్లచ్చి యొక తలుపు వంటిది. మీటను పట్టినపుడు ఆ సంబంధము తెగును, విడిచినపుడు కలియును. మొదటి గేరు వేసి, రేజు ఏమాత్రము ఇయ్యక, మీటను వెండ్రుకవాసి చొప్పున విడుచుచు పొండు. ఒకచోట బండి ముందునకు కదలవలెనని తహతహలాడును. అచ్చటనే చేతిని నిలిపి, తిరిగి మీటను పట్టుడు. బండి అడుగు కదలును, ఆగును. దీనిని ఇరువది ముప్పది మాఱులు చేయుడు. నేర్చుకొనువారు చేయు పెద్దతప్పు మీటను ఒక్కమాఱుగా విడుచుట. అప్పుడు బండి ఆగిపోవుటయో, ఎగిరిపడి ముందునకు దూకుటయో జరుగును. దూకినపుడు భయముతో పిడిని గట్టిగా పట్టుకొందురు. కుడిచేయి దానంతట అది వెనుకకు తిరిగి రేజు మఱింత హెచ్చును. కావున మొదటిపాఠము ఇది: భయము కలిగినవెంటనే ఎడమచేతితో క్లచ్చిని పూర్తిగా పట్టుడు. ఇంజను ఎంత అఱచినను చక్రమునకు బలము అందదు.

ఈ అభ్యాసమునకు ఖాళీ మైదానము కావలెను. యజమాని అనుమతితో కట్టడములు లేవని ప్లాట్లు గాని, ఆటలు లేని వేళ ఆటస్థలము గాని తగును. మనుష్యనడకంత వేగమున తిన్నగా పోవుట, ఆగుట, మరల బయలుదేఱుట మూడు దినములు చేయుడు. పిమ్మట ఎనిమిది అంకె ఆకారమున త్రిప్పుడు. మెల్లగా నడుపుటయే కష్టము. వేగము హెచ్చినకొలది బండి తనంతట తాను నిలకడ పొందును. అందుచేతనే కొత్తవారు వేగముగా పోయి ‘నాకు వచ్చినది’ అని భ్రమపడుదురు. నెమ్మదిగా నడుపలేనివానికి బండి వచ్చినట్లు గాదు. త్రిప్పునపుడు ముందుచక్రమును చూడక, పోవలసిన చోటును చూడుడు. గుంతను చూచువాడు గుంతలోనికే పోవును.

6. ఆగుట యను లెక్క

ఇది లెక్కల తరగతికి తగిన విషయము. ఆపదను చూచి బ్రేకు వేయునప్పటికి సుమారు ఒక సెకను గడచునని అనుకొందము. బ్రేకు పడినపిదప పొడిరోడ్డుపై వేగము ప్రతి సెకనునకు సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గునని గ్రహింతము. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ మొదటి సెకనులో 5.6 మీటర్లును, తరువాత 3.1 మీటర్లును పోయి, సుమారు 9 మీటర్లలో ఆగును. 40 కిలోమీటర్లయినచో 11 మీటర్లును 12 మీటర్లును గలిసి 23 మీటర్లు. 60 కిలోమీటర్లయినచో 17 మీటర్లును 28 మీటర్లును గలిసి 45 మీటర్లు. వేగము రెండింతలయినపుడు బ్రేకు దూరము నాలుగింతలగుచున్నది. వేగపు వర్గమును బట్టి శక్తి పెరుగుననిన భౌతికశాస్త్రసూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది. వానలో టైరుపట్టు సగమైనచో 40 కిలోమీటర్లకే 36 మీటర్లు కావలసివచ్చును.

బ్రేకు వేయునపుడు బరువు ముందునకు ఒఱగును. అందువలన ముందుచక్రమునకు నేలపట్టు హెచ్చును, వెనుకచక్రమునకు తగ్గును. కాబట్టి ఆపుశక్తిలో పెద్దపాలు ముందుబ్రేకుదే. దానిని మానివేయువాడు ఆగవలసినచోట ఆగలేడు. ఒక్కమాఱుగా పిసుకువాడు చక్రమును బిగబట్టించి పడును. రెండు బ్రేకులను గలిపి, మొదట మెత్తగా, తరువాత గట్టిగా, పండును పిండినట్లు నొక్కవలెను. బండి తిన్నగా నుండగనే వేగమును తగ్గించుకొని మలుపులో ప్రవేశింపవలెను. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి.కి మించిన కొత్త బండ్లకు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఎ.బి.ఎస్. ఏర్పాటు విధింపబడినది. 125 సి.సి.యు, అంతకు లోబడినవియు నగు బండ్లకు రెండు బ్రేకులును కలిసి పనిచేయు ఏర్పాటైనను ఉండవలెననిరి. మన పాతబండ్లలో ఇవి యేవియు లేవు. వానిలో ఆ పని మన వ్రేళ్లదే.

7. నా తప్పు

నాకు 18 ఏండ్లు నిండి, లెర్నరు లైసెన్సు వచ్చిన మూడవ వారమది. బహదూర్‌పల్లి నుండి సూరారమునకు చీకటివేళ తిరిగి వచ్చుచుంటిని. వెనుక నా తమ్ముడు కూర్చుండెను. వాడప్పుడు పదవ తరగతి. పరీక్షలు పదునైదు దినములలో నుండెను. ఇద్దఱికి కలిపి ఒక హెల్మెటు. అదియును నా మోచేతికి వ్రేలాడుచుండెను. “అన్నా, మెల్లగ పో” అని వాడు రెండుమాఱులు చెప్పెను. నేను నవ్వితిని.

వీథిలోనికి త్రిప్పుచోట ఎవరో ఇల్లు కట్టుచు ఇసుక పోసియుండిరి. సగము మలుపులో దానిని చూచి ముందుబ్రేకును పిసికితిని. ముందుచక్రము నా క్రిందనుండి ప్రక్కకు జాఱిపోయెను. నాకు మోకాలి తోలు పోయెను. తమ్ముని కుడిచేయి మణికట్టు పైన విఱిగెను. చీకటిలో వాడు లేచి కూర్చుండి మొదట అడిగిన మాట “అన్నా, నీకేమన్న తాకిందా?” అని.

వాడు ఆ మార్చిలో పరీక్ష వ్రాయలేకపోయెను. తోడివారు కళాశాలలో చేరినపుడు వాడు కట్టుతో గుమ్మమున కూర్చుండెను. నన్నొక్క మాటయు అనలేదు. మా తండ్రియు అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది. ఇసుక పోసినవానిని నేను చాలకాలము నిందించితిని. కాని ఆ వేగము నాది, ఆ బ్రేకు నాది, నియమము నెఱిగియు తమ్ముని ఎక్కించుకొన్న తెగువ నాది.

8. మన దారులు

మైదానమున చేయి తిరిగిన పిమ్మట, తెల్లవారుజామున, నేర్పువానితోడ, లోపలి వీథులలో మొదలు పెట్టుడు. బాలానగరమునుండి సూరారము మీదుగా గండిమైసమ్మకును నర్సాపూరునకును పోవు దారి కొత్తవారికి తగినది గాదు. దానిపై కార్ఖానాల లారీలు, కంకర టిప్పర్లు, కళాశాల బస్సులు, షేరు ఆటోలు కలిసి పోవుచుండును. లారీవాని అద్దములో మీకు అతని ముఖము కానరానిచో అతనికి మీరును కానరారు. లారీకి ఎడమప్రక్క దూరుట అన్నిటికంటె చెడ్డది; అది మలుపు తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడలో పోక లోపలికి కోసికొనుచు వచ్చును. ఆ సందున చిక్కినవానికి తప్పించుకొను దారి యుండదు.

ఆటో ముందాగినపుడు హఠాత్తుగా ప్రక్కకు తిరుగునని యెంచుడు. నిలిచిన కారుకు తలుపు తెఱచునంత దూరము విడువుడు. ‘దగ్గఱ’ యని ఎదురుదిశలో పోవువారు పెక్కుమంది కలరు. మీరు వారిని అనుసరింపవలదు, కాని వారు ఎదురగుదురని మాత్రము తలచుడు. తొలకరి చినుకులు మిక్కిలి అపాయకరములు: రోడ్డుమీది నూనెయు దుమ్మును నీటితో కలిసి జిగటగా మాఱును. నీరు నిలిచినచోట లోతు తెలియదు. మూతలేని మ్యాన్‌హోలు దాని క్రింద నుండవచ్చును. బాహ్యవలయ రహదారి ప్రధానమార్గముపైకి రెండుచక్రముల బండ్లకు ప్రవేశము లేదు. దాని ప్రక్కదారులలోనే పోవలెను.

చరవాణిని భుజమునకును చెవికిని నడుమ నొక్కి నడుపుట, ముగ్గురెక్కుట, నిద్రమత్తుతో నడుపుట అనునవి ధైర్యములు గావు. డ్యూటీ దిగిన తండ్రికి నిద్ర వచ్చుచున్నచో, కొంతసేపు కూర్చుండి టీ త్రాగి రమ్మని చెప్పు హక్కు బిడ్డలకు గలదు.

9. పడినవారిని చూచినపుడు

దారిలో ఎవరైన పడియుండినచో చుట్టు నిలిచి ఫోటోలు తీయువారిలో మీరు ఉండవలదు. వెనుక వచ్చు బండ్లను ఆపి, 108కి ఫోను చేయుడు. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున మొదలయినది. దానిని నడుపు సంస్థ ప్రధానస్థానము మన జిల్లాలోని దేవరయాంజాలులోనే యున్నది. ప్రాణాపాయము లేనిచో గాయపడినవానిని లాగవలదు. హెల్మెటును బలవంతముగా ఊడదీయవలదు. మెడకు దెబ్బ తగిలియుండవచ్చును. నెత్తురు కాఱుచున్నచోట శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టుడు. సదుద్దేశముతో సాయపడినవారిపై దావాలు రాకుండ 2019 నాటి సవరణ రక్షణ కల్పించినది. కావున కేసు భయముతో తొలగిపోనక్కఱలేదు.

ముగింపు

విద్యార్థులారా! 18 ఏండ్లు నిండువఱకు మీకు సైకిలు గలదు. దానిపై చేయి చూపుట, వెనుకకు చూచుట, మలుపునకు ముందే నెమ్మదించుట అలవాటు చేసికొనుడు. ఆ విద్య తరువాత బండికి అక్కఱకు వచ్చును. పెద్దలు బండి తీయునపుడు హెల్మెటును చేతికందించుడు. ఆ పనికి లైసెన్సు అక్కఱలేదు.

నా తమ్ముడు మఱుసటి యేడు పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. చలికాలమున వాని మణికట్టు ఇప్పటికిని నొచ్చును. నేను బండి తీసినపుడు వాడు వెనుక నిలిచి, నా గడ్డము క్రింది పట్టీ ‘టక్కు’మని పడు చప్పుడు వినువఱకు ఎక్కడు. ఆ చప్పుడు మీ యిండ్లలోను ప్రతిదినము వినబడవలెనని నా కోరిక.